ఇంటి గాలి గొట్టాలు – వాటి కారుదల – కొలత

(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణమూ, కవి సమ్మేళనమూ జరిగే ఉగాది వేదిక మీద రేకు గొట్టాల ప్రస్తావన ఏమిటని మీలో కొందరికి తోచవచ్చును. ఇంటిల్లిపాదికీ పనికివచ్చే శాస్త్ర విషయం ఏదైనా ఒకటి చెప్పవలసిందని కార్యవర్గంవారు మమ్ములను కోరినారు. మేము కోయంబత్తూరు నూలు మిల్లులలో గాలికి తేమ పట్టించే యంత్రాల దగ్గర పనిచేసినవాళ్ళము. దారం తెగకుండా ఉండాలంటే మిల్లులో తేమ సమంగా ఉండాలి. ఆ తేమగాలిని పెద్ద పెద్ద రేకు డక్టుల ద్వారా యంత్రాల మీదికి పంపుతారు. డక్టు అతుకులో సందు ఉంటే గాలి చేరవలసిన చోటికి చేరదు. ఇది మాకు తెలిసిన విద్య. ఈ విద్య మన పిల్లల ఇళ్ళకు ఎట్లా పనికివస్తుందో చెప్పడానికే ఈ ప్రసంగం.

మన పూర్వులు తెలుగు సీమ విడిచి ఈ కొంగునాటికి వచ్చి, నల్లరేగడి నేలలో పత్తి పండించి, ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు మన బిడ్డలు టెక్సాసుకూ, జార్జియాకూ, న్యూజెర్సీకీ పోయి అక్కడ ఇళ్ళు కొనుక్కుంటున్నారు. వారి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన పెద్దలు మాతో చెప్పే మాటలు దాదాపు ఒక్కటే తీరుగా ఉంటాయి. మేడమీద గది ఎంతకీ చల్లబడదు. క్రింది గదిలో మాత్రం దుప్పటి కప్పుకోవాలి. కరెంటు బిల్లు చూస్తే గుండె దడ. ఉదయం తుడిచిన బల్ల మీద సాయంత్రానికి మళ్ళీ దుమ్ము. ఈ మూడింటికీ వేరువేరు కారణాలు ఉండవచ్చును. కాని తరచుగా మూడింటి వెనుకా ఒక్కటే కారణం ఉంటుంది: అటక మీది గాలి గొట్టాలు కారుతున్నాయి.

కారుతున్నాయని చెప్పడం సులభం. ఎంత కారుతున్నాయి? గాలి కంటికి కనబడదు. నీటి గొట్టం కారితే గోడ తడుస్తుంది. గ్యాసు కారితే వాసన వస్తుంది. గాలి గొట్టం ఇరవై ఏండ్లు కారినా ఇంటివారికి తెలియదు. కాబట్టి కొలవాలి. కొలిచిన తరువాతనే బాగుచేయించాలి; బాగుచేయించిన తరువాత మళ్ళీ కొలవాలి. మేము చెప్పబోయేదంతా ఈ మాటకు వివరణే.

ముందుగా ఆ ఇళ్ళ తీరు తెలుసుకోవాలి. మన ఇళ్ళలో ఏ గదికి ఆ గదికే ఏ.సి. పెట్టె గోడకు బిగిస్తాము. అది ఆ గదిలో గాలినే పీల్చి, చల్లార్చి, ఆ గదిలోకే వదులుతుంది. గొట్టాల పని లేదు. అమెరికాలో చాలా ఇళ్ళకు ఇంటికంతటికీ ఒకటే యంత్రం. పెద్ద ఇళ్ళలో రెండు. చలికాలంలో గ్యాసు ఫర్నేసో, హీట్ పంపో గాలిని వేడిచేస్తుంది. ఎండాకాలంలో అవే గొట్టాలు చల్లగాలిని మోస్తాయి. యంత్రం నుంచి గదులకు గాలిని తీసుకుపోయేవి పంపే గొట్టాలు. గదులలోని గాలిని మళ్ళీ యంత్రం దగ్గరికి చేర్చేవి తిరుగు గొట్టాలు. వెళ్ళిన గాలి అంతా తిరిగి రావాలి. ఈ లెక్క సరిపోయినంతవరకు ఇల్లు సుఖంగా ఉంటుంది.

ఉత్తరాన చలి రాష్ట్రాలలో చాలా ఇళ్ళకు నేలమాళిగ ఉంటుంది. గొట్టాలు అందులోనే ఉంటాయి. టెక్సాసు, ఫ్లోరిడా, అరిజోనా వంటి వేడి రాష్ట్రాలలో ఇళ్ళను ఎక్కువగా కాంక్రీటు పలక మీద కడతారు. నేలమాళిగ లేదు కాబట్టి గొట్టాలను అటక మీదికి ఎక్కిస్తారు. ఆ అటక మన ఊరగాయ జాడీలు దాచుకునే అటక వంటిది కాదు. గది సీలింగుకూ, ఇంటి పైకప్పుకూ మధ్యనున్న ఖాళీ జాగా అది. వేసవి మధ్యాహ్నం అక్కడి వేడి 50 డిగ్రీల సెంటిగ్రేడు దాకా, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా పోతుంది. అనగా ఇంటిని చల్లబరచవలసిన గాలి, ఆ ఇంట్లో అన్నిటికంటె వేడి అయిన చోటు గుండా ప్రయాణం చేసి గదికి చేరుతున్నదన్నమాట.

ఈ గొట్టాలు ఒకే ముక్కగా ఉండేవి కావు. కొన్ని రేకువి. కొన్ని గాజు ఊలు అట్టతో చేసిన పెట్టెలు. కొన్ని ప్లాస్టిక్ పొరకు తీగ చుట్టి, పైన గాజు ఊలు కప్పిన మెత్తని గొట్టాలు. ఒకదానిలో ఒకటి దూర్చి, బిగించి, అతికించాలి. ప్రతి అతుకూ ఒక సందే. గొట్టం వచ్చి సీలింగులో కలిసే చోట, యంత్రపు పెట్టె మూత దగ్గర, శాఖలు చీలే చోట సందులు ఉంటాయి. కొన్ని పాత ఇళ్ళలో తిరుగు గొట్టమని వేరుగా పెట్టక, గోడలోని కొయ్య నిలువుల మధ్యనున్న ఖాళీనే గొట్టంగా వాడుకున్నారు. అటువంటి చోట గాలి ఎటునుంచి వస్తున్నదో చెప్పలేము. అమెరికా ప్రభుత్వపు ఎనర్జీ స్టార్ పథకంవారి లెక్క ప్రకారం, అక్కడి సాధారణమైన ఇంటిలో గొట్టాల గుండా పోయే గాలిలో నూటికి 20 మొదలు 30 పాళ్ళు సందుల వల్ల, చిల్లుల వల్ల, సరిగా కలపని అతుకుల వల్ల వృథా అవుతున్నది.

ఈ నష్టం రెండు తీరులు. పంపే గొట్టం కారితే డబ్బు పెట్టి చల్లార్చిన గాలి అటక మీదికి పోతుంది. ఇది చాలామందికి తోస్తుంది. కాని కథ అక్కడితో ముగియదు. ఇంట్లో నుంచి అంత గాలి బయటికి పోయినప్పుడు, ఆ లోటు పూడ్చడానికి తలుపు సందుల నుంచీ, కిటికీల నుంచీ, గోడల పగుళ్ళ నుంచీ బయటి వేడిగాలి లోపలికి చొరబడుతుంది. ఒకవైపు జేబుకు చిల్లి, మరొకవైపు ఇంటికి పిలవని చుట్టం.

తిరుగు గొట్టం కారితే నష్టం ఇంకొక తీరు. ఆ గొట్టంలో ఎప్పుడూ పీల్పు ఉంటుంది. సందు ఉంటే అది అటక మీది వేడినీ, దుమ్మునూ, గాజు ఊలు నలుసులనూ పీల్చి యంత్రానికి అందిస్తుంది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. గదిలో గాలి 24 డిగ్రీలు. యంత్రం దానిని 11 డిగ్రీలు తగ్గించి, 13 డిగ్రీల చల్లగాలిని పంపుతుందనుకుందాము. తిరుగు గొట్టంలో నూటికి 10 పాళ్ళు అటక మీది 49 డిగ్రీల గాలి కలిసిందనుకోండి. అప్పుడు యంత్రానికి చేరే గాలి 24 కాదు, 26.5 డిగ్రీలు. అదే 11 డిగ్రీలు తగ్గించినా గదికి వచ్చేది 15.5 డిగ్రీల గాలి. గదికి రావలసిన 11 డిగ్రీల చల్లదనంలో దక్కినది 8.5 మాత్రమే. పదోవంతు కారుదలకు దాదాపు నాలుగోవంతు చల్లదనం పోయిందన్నమాట. బయటి గాలితో వచ్చే తేమను ఈ లెక్కలో వేయనే లేదు. ఫ్లోరిడా, హ్యూస్టన్ వంటి ఉక్కపోత ప్రాంతాలలో అది వేరే భారం.

డబ్బు సంగతి ఇట్లా ఉండగా, ప్రాణానికి సంబంధించిన సంగతి ఇంకొకటి ఉన్నది. దయచేసి దీనిని శ్రద్ధగా వినండి. ఆ ఇళ్ళలో చాలా చోట్ల స్నానపు నీళ్ళు కాచే గ్యాసు హీటరు ఒక చిన్న గదిలోనో, కారు షెడ్డులోనో, నేలమాళిగలోనో ఉంటుంది. దాని పొగ, వేడికి తేలికపడి, చిమ్నీ గుండా తనంతట తానే పైకి పోవాలి. పొగను పైకి లాగే ఆ బలం చాలా స్వల్పమైనది. కొద్ది పాస్కళ్ళ ఒత్తిడి మాత్రమే. అదే గదిలో తిరుగు గొట్టానికి సందు ఉండి అది గాలిని పీలుస్తున్నదనుకోండి. ఆ పీల్పు చిమ్నీ బలాన్ని మించితే పొగ పైకి పోదు, వెనక్కి తిరుగుతుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే, రంగూ రుచీ వాసనా లేని ఆ విషవాయువు గొట్టాల గుండా పిల్లలు నిద్రపోయే గదులకు చేరుతుంది. అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా, పొరపాటున ఈ వాయువు సోకి అమెరికాలో ఏటా 400 మందికి పైగా మరణిస్తున్నారని అక్కడి ప్రజారోగ్య శాఖవారు చెప్పుతున్నారు. అవన్నీ గాలి గొట్టాల వల్ల జరిగినవి కావు; సరిగా మండని పొయ్యిలు, జనరేటర్లు, కార్లు మొదలైన అనేక కారణాలున్నాయి. కాని గొట్టాల పీల్పు కూడ ఒక దారి. యంత్రం కారు షెడ్డులోనే ఉన్న ఇళ్ళలో కారు పొగ, పెట్రోలు ఆవిరి ఇదే దారిన ఇంట్లోకి వస్తాయి. అందుచేత ఇది కేవలం బిల్లుల వ్యవహారమని తీసివేయరాదు.

ఇంత ముఖ్యమైన విషయం శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది కూడ ఎంతో కాలం కాలేదు. 1973 లో చమురు కొరత వచ్చినప్పుడు అమెరికావారు ఇళ్ళలో వేడి ఎక్కడికి పోతున్నదా అని వెదకడం మొదలుపెట్టినారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంవారు న్యూజెర్సీలోని ట్విన్ రివర్స్ అనే చోట ఇళ్ళను పరిశోధించగా, పుస్తకాల లెక్క ప్రకారం పోవలసిన దానికంటె ఎక్కువ వేడి అటక దారిన పోతున్నట్లు తేలింది. గోడలలో దాగిన సందుల గుండా గాలి పైకి పోతున్నది. 1977 ప్రాంతంలో స్వీడన్‌లో ఒక ఫ్యానును కిటికీకి బిగించి ఇంటి కారుదలను కొలిచే పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1979 లో ఆ పద్ధతి ప్రిన్స్‌టన్‌కు చేరి, కిటికీకి బదులు తలుపులో ఫ్యాను బిగించే సాధనంగా మారింది. దానినే బ్లోయర్ డోర్ అంటారు. ఆ తరువాత 1980 ల లోనూ, 1990 ల మొదట్లోనూ ఫ్లోరిడాలో కమింగ్స్, టూలీ, మోయర్ అనే పరిశోధకులు, ఇంటి గోడల సందులే కాక గాలి గొట్టాల సందులు కూడ ఎంత నష్టమూ ప్రమాదమూ తెస్తున్నవో ఇళ్ళలో కొలిచి చూపించినారు. అక్కడి నుంచే గొట్టాలను ప్రత్యేకంగా కొలిచే పద్ధతి వ్యాపించింది. మినియాపోలిస్ నగరంలో తయారయ్యే డక్ట్ బ్లాస్టర్ అనే సాధనం ఈ పనికి పేరుపొందినది.

ఇక కొలిచే పద్ధతి వినండి. సైకిలు షాపువాడు పంక్చరు వెదకడానికి ముందు ట్యూబులో గాలి కొడతాడు. గాలి లేని ట్యూబును నీళ్ళలో ముంచితే బుడగలు రావు. గొట్టాల పరీక్షకు కూడ మొదటి సూత్రం అదే: ముందు లోపల ఒత్తిడి పెంచాలి. కాని సైకిలువాడికి చిల్లి ఎక్కడున్నదో తెలిస్తే చాలు. మనకు ఎంత కారుతున్నదో తెలియాలి. నూరు సందుల నుంచి కారే గాలిని ఎవరూ పట్టలేరు గదా! అందుకు ఒక ఉపాయం ఉన్నది. చిల్లికుండలో నీరు ఒక గుర్తు దగ్గర నిలిచి ఉండాలంటే నిమిషానికి ఎన్ని చెంబులు పోయవలసి వస్తుందో, నిమిషానికి అంత నీరు కారుతున్నదన్నమాట. కారేది కొలవనక్కరలేదు, పోసేది కొలిస్తే చాలు.

గొట్టాలలోనూ అంతే. ముందుగా ఇంటి యంత్రాన్ని ఆపివేస్తారు. లోపలి వడపోత తెరను తీస్తారు. గదులలో గాలి వచ్చే గ్రిల్లులన్నిటినీ అంటుకునే పొరతో మూసివేస్తారు. తిరుగు గొట్టపు పెద్ద గ్రిల్లుకు గాని, యంత్రపు పెట్టెకు గాని, కొలత కట్టిన ఒక చిన్న ఫ్యానును బిగిస్తారు. ఇంటికీ బయటికీ ఒత్తిడి సమంగా ఉండేందుకు ఒక తలుపో కిటికీయో తెరిచిపెడతారు. గొట్టంలోకి ఒక సన్నని ట్యూబు దూర్చి, దానిని ఒత్తిడి చూపే మానోమీటరుకు కలుపుతారు. తరువాత ఫ్యాను వేగం పెంచుతూ, గొట్టంలో ఒత్తిడి 25 పాస్కళ్ళకు వచ్చిన చోట నిలుపుతారు. అప్పుడు ఆ ఫ్యాను నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలిని లోపలికి పంపుతున్నదో సాధనం చూపుతుంది. అదే ఆ ఒత్తిడి వద్ద ఆ గొట్టాల కారుదల. తక్కువ కారే గొట్టాలలో స్వల్పమైన ప్రవాహాన్ని సరిగా చదవడానికి ఫ్యాను నోటికి చిన్న రంధ్రం గల వలయాలను తగిలిస్తారు.

25 పాస్కళ్ళు అంటే ఎంత? నీటిని రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తు నిలపగల ఒత్తిడి. మన చుట్టూ ఉన్న వాతావరణపు ఒత్తిడిలో సుమారు నాలుగువేలవ వంతు. మిల్లులో యు ఆకారపు గాజు గొట్టంలో నీళ్ళు పోసి ఒత్తిడి చూసేవాళ్ళము. దానిమీద ఇంత చిన్న తేడా చదవడానికి కళ్ళు చికిలించాలి. ఇప్పటి ఎలక్ట్రానిక్ మానోమీటరు ఒక పాస్కల్‌లో పదోవంతును కూడ చూపుతుంది. 25 నే ఎందుకు ఎన్నుకున్నారంటే, ఇళ్ళ గొట్టాలలో యంత్రం నడుస్తున్నప్పుడు సాధారణంగా ఉండే ఒత్తిడికి అది దగ్గరగా ఉంటుంది. అందరూ ఒకే ఒత్తిడి వద్ద కొలిస్తేనే ఒక ఇంటిని ఇంకొక ఇంటితో పోల్చవచ్చును. ఒత్తిడి రెట్టింపు చేస్తే కారుదల రెట్టింపు కాదు; సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. కాబట్టి ఎవరైనా కారుదల అంకె చెప్పినప్పుడు, ఏ ఒత్తిడి వద్ద అని అడగాలి.

అంకె వచ్చిన తరువాత దానిని ఇంటి వైశాల్యంతో పోల్చుతారు. ఆ దేశంలో పెక్కు రాష్ట్రాలు, కొన్ని మార్పులతో, ఒక ఉమ్మడి ఇంధన పొదుపు నియమావళిని అనుసరిస్తాయి. దాని 2009 నాటి కూర్పు, వేడిచేసి చల్లబరచే గదులకు వెలుపల ఉన్న గొట్టాలకు ఈ పరీక్షను విధించింది. ఇల్లు పూర్తి అయిన తరువాత 100 చదరపుటడుగులకు మొత్తం కారుదల నిమిషానికి 12 ఘనపుటడుగులు మించరాదన్నది. 2012 నాటి కూర్పు ఆ హద్దును 4 కు దించింది. ఎంత బిగించినారో చూడండి. 2,000 చదరపుటడుగుల ఇల్లయితే 4 చొప్పున 80 ఘనపుటడుగులు, అనగా నిమిషానికి సుమారు 2,265 లీటర్లు. అటువంటి ఇంటికి 3 టన్నుల యంత్రం ఉన్నదనుకుంటే, టన్నుకు 400 చొప్పున అది నిమిషానికి 1,200 ఘనపుటడుగుల గాలిని తిప్పుతుంది. అందులో 80 అంటే నూటికి 7 పాళ్ళ లోపు. అదే ఇంట్లో అంకె 320 వచ్చిందనుకోండి. 100 చదరపుటడుగులకు 16. అప్పుడు ఆలోచించవలసిందే. ఈ నియమాలు కొత్తగా కట్టే ఇళ్ళకు. పాత ఇల్లు కొన్నవారికి ఈ పరీక్ష జరిగిందన్న నమ్మకం ఏమీ లేదు. మన పిల్లలలో చాలామంది కొనేవి పాత ఇళ్ళే.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. పైన చెప్పినది మొత్తం కారుదల. అందులో కొంత ఇంటి లోపలికే కారవచ్చును. ఆ గాలి ఇంట్లోనే ఉంటుంది, పూర్తిగా నష్టం కాదు. అసలు నష్టం అటక మీదికీ బయటికీ పోయే భాగం. దానిని విడదీయడానికి రెండు ఫ్యానులను ఒకేసారి వాడతారు. తలుపులో బిగించిన పెద్ద ఫ్యానుతో ఇంటినంతటినీ 25 పాస్కళ్ళకు తెస్తారు. గొట్టాలకు బిగించిన చిన్న ఫ్యానుతో గొట్టాలను కూడ అంతకే తెస్తారు. ఇప్పుడు గొట్టానికీ గదికీ ఒత్తిడిలో తేడా లేదు. తేడా లేనిచోట గాలి కదలదు. కాబట్టి చిన్న ఫ్యాను పంపే గాలి అంతా బయటికి పోతున్నదే. చాలా తేలికైన ఉపాయం. కాని దానిని తలపోసినవారి బుద్ధికి నమస్కరించవలసిందే.

ఈ అంకెను కూడ గ్రుడ్డిగా నమ్మరాదు. పరీక్షలో గొట్టాలన్నిటా ఒకే ఒత్తిడి ఉంటుంది. యంత్రం నడిచేటప్పుడు అట్లా ఉండదు. యంత్రం దగ్గర ఒత్తిడి ఎక్కువ, గది గ్రిల్లు దగ్గర తక్కువ. అందుచేత యంత్రం ప్రక్కన ఉన్న చిన్న సందు, దూరాన ఉన్న పెద్ద సందుకంటె ఎక్కువ నష్టం చేయవచ్చును. అంకె చెప్పేది గొట్టాలు ఎంత గట్టిగా ఉన్నాయో. సందు ఎక్కడున్నదో చెప్పదు. దానికోసం నాటకాలలో వాడే పొగ యంత్రంతో గొట్టాలలో పొగ నింపి, ఎక్కడ బయటికి వస్తున్నదో చూస్తారు. వైద్యుడు జ్వరం ఎంతో థర్మామీటరుతో చూసి, తరువాత రోగం ఎక్కడో చేతితో తాకి చూసినట్లు, రెండూ కావాలి.

బాగుచేయడం గురించి నాలుగు మాటలు. అమెరికాలో గుడ్డ వెనుక రబ్బరు జిగురు పూసిన ఒక టేపు ఉన్నది. దాని పేరే డక్ట్ టేప్. 1998 లో బర్కిలీలోని లారెన్స్ జాతీయ ప్రయోగశాలలో షెర్మన్, వాకర్ అనే శాస్త్రజ్ఞులు అనేక రకాల అతుకు పదార్థాలను వేడికీ చలికీ మార్చి మార్చి గురిచేసి పరీక్షించినారు. గొట్టం పేరు పెట్టుకున్న ఆ టేపే గొట్టాల మీద నిలవక ఊడిపోయింది! తక్కినవి చాలావరకు నిలిచినాయి. కాబట్టి గొట్టాల అతుకులకు మాస్టిక్ అనే చిక్కని లేపనం కుంచెతో పట్టించడం మేలు. పెద్ద సందయితే గాజునూలు వలగుడ్డ వేసి దానిపై లేపనం పూస్తారు. మన ఆడవారు మట్టికుండ బీటకు గుడ్డ చుట్టి మట్టి మెత్తినట్లే. గొట్టాలు గోడలలో దాగి చేతికి అందకపోతే ఇంకొక పద్ధతి ఉన్నది. అదే ప్రయోగశాలలో మార్క్ మొడేరా 1990 ల లో కనిపెట్టినది. గ్రిల్లులు మూసి, జిగురు తుంపరలను గాలితో కలిపి గొట్టాలలోకి పంపుతారు. గాలి సందుల గుండానే బయటికి పోవాలి కాబట్టి, తుంపరలు ఆ సందుల అంచులకు అంటుకొని, కొద్దికొద్దిగా వాటిని పూడ్చుతాయి. పూర్తిగా విడిపోయిన గొట్టాన్ని మాత్రం అది కలపలేదు. దానికి మనిషి ఎక్కవలసిందే.

ఇంత చెప్పిన మీదట, మీరు మీ బిడ్డలకు ఏమి చెప్పాలి? మాకు తోచినవి ఇవి.

గాలి యంత్రం చాలడం లేదు, పెద్దది పెట్టమని ఎవరైనా సలహా చెప్పితే, ముందు గొట్టాలను కొలిపించమనండి. కారే గొట్టాలకు పెద్ద యంత్రం పెట్టడం చిల్లిబిందెకు పెద్ద బావి త్రవ్వడం వంటిది. ఇల్లు కొనబోయే ముందు ఈ పరీక్ష జరిగిందా, అంకె ఎంత, మొత్తం కారుదలా లేక బయటికి పోయేదా అని అడగమనండి. బాగుచేసే మనిషితో మొదటి అంకె, చివరి అంకె రెండూ వ్రాతమూలకంగా ఇవ్వవలసిందని ముందే మాట్లాడుకొమ్మనండి. చివరి అంకె లేని మరమ్మతుకు డబ్బు ఎందుకు ఇచ్చినామో మనకే తెలియదు.

గ్యాసు పొయ్యి, ఫర్నేసు, నీటి హీటరు ఉన్న ఇళ్ళలో గొట్టాలు మూసిన తరువాత ఇంటిలో ఒత్తిళ్ళు మారుతాయి. కాబట్టి పొగ సరిగా పైకి పోతున్నదా అని తప్పక పరీక్ష చేయించాలి. కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక గంట ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా ఉండాలి. అది మోగితే బ్యాటరీ తీసివేయకుండా, అందరూ ఇల్లు విడిచి బయటికి వచ్చి, సహాయానికి ఫోను చేయాలి.

అక్కడికి పోయే పెద్దలు కూడ కొన్ని గమనించవచ్చును. యంత్రం తిరిగినప్పుడు తలుపు తనంతట తాను మూసుకుంటున్నదా? ఇంటికంతటికీ ఒకే తిరుగు గ్రిల్లు ఉంటే, పడకగది తలుపు మూయగానే ఆ గదిలో గాలి నిలిచిపోయి, వసారాలో లోటు పడుతుంది. అటువంటప్పుడు తలుపు కొంచెం తెరిచి ఉంచడమో, తలుపుపైన గాలి దారి పెట్టించడమో మంచిది. ఏ గదికి గాలి తక్కువ వస్తున్నది, ఏ గ్రిల్లు చుట్టూ నల్లని దుమ్ము చార ఉన్నది అని ఒక కాగితం మీద వ్రాసి పెట్టండి. పరీక్షకు వచ్చినవాడికి ఆ కాగితం ఎంతో ఉపయోగిస్తుంది. కాని అగరవత్తి పొగతో వెదుకుదామని మీరు మాత్రం అటక ఎక్కవద్దు. అక్కడ నడిచే నేల ఉండదు, దూలాల మధ్య కాలు పెడితే సీలింగు విరుగుతుంది. నిప్పుకు అది తగిన చోటు కూడ కాదు.

సోదరీ సోదరులారా! ఇవి గొప్ప రహస్యాలు కావు. ఒక ఫ్యాను, ఒక ఒత్తిడి కొలత, ఒక గంటో రెండు గంటలో పని. అయినా దూరదేశంలో ఉద్యోగాల హడావుడిలో ఉన్న పిల్లలకు ఇంటి అటక మీద ఏమున్నదో చూసుకునే తీరిక ఉండదు. యంత్రం తిరుగుతున్నది, గాలి వస్తున్నది, చాలుననుకుంటారు. వారానికొకసారి ఫోనులో మాట్లాడేటప్పుడు అన్నం తిన్నావా, ఆరోగ్యం ఎట్లా ఉన్నది అని అడిగే మనము, ఈసారి ఇంకొక ప్రశ్న కూడ చేర్చుదాము: మీ గాలి గొట్టాలు ఎప్పుడైనా కొలిపించినారా? కొలిపించలేదంటే, ఈ సంచికలోని ఈ పుటలను ఫోనుతో ఫోటో తీసి పంపండి. తెలుగు చదవడం రాని మనుమలుంటే మీరే చదివి వినిపించండి. అందువల్ల గొట్టాల సంగతితో పాటు నాలుగు తెలుగు మాటలు కూడ వారికి చేరుతాయి.

 ఈ నూతన సంవత్సరం ఇక్కడి మన ఇళ్ళలోనూ, అక్కడి మన బిడ్డల ఇళ్ళలోనూ ఆయురారోగ్యాలను కలిగించవలెనని కోరుతూ, ఉగాది శుభాకాంక్షలతో సెలవు తీసుకుంటున్నాము. నమస్కారములు.